షెలోమీతుకు పెట్టిన పిట్టకూర

వారంలో ఆరు రోజులు అపామా ఒక్కతే తినేది. ఆదివారం సాయంత్రం ఒక్క పూట నలుగురిలో కూర్చుని తినేది. ఆ ఒక్క పూట కోసమే మిగతా ఆరు రోజులూ ఎలాగో గడిపేసేది.

అంతియొకయలో ఒక్కరే కూర్చుని తినడం అంత తేలికేం కాదు. వీధి పొడుగునా దుకాణాల ముందు పొయ్యిలుంటాయి, పొయ్యిల చుట్టూ జనముంటారు. గాడిదలు తోలేవాడు కూడా తన రొట్టె తుంచి పక్కవాడికి ఇస్తేగాని ముద్ద నోట్లో పెట్టుకోడు. అలాంటి ఊళ్ళో ఒక మనిషి తలుపు దగ్గరికి వేసుకుని తింటోందంటే, ఆమెకు ఏదో రోగమైనా ఉండాలి, ఏదో తప్పైనా చేసుండాలి. అపామా చేసిన తప్పు ఏమిటంటే, ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో, మొగుడు పోయిన ఏడాదికి, సిలువ మీద చనిపోయి తిరిగి లేచినవాడి కబురు విని నమ్మింది. బాప్తిస్మం తీసుకుంది. అక్కడితో అయిపోయింది అనుకుంది పాపం.

అయిపోలేదు. అన్న ఇంట్లో ఏ విందైనా ముందు దేవుళ్ళకు ధార పోసి, వాళ్ళ ముందు పెట్టిన మాంసమే అందరికీ వడ్డిస్తారు. మేనకోడలి పెళ్ళిలో అపామా తన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. వదిన అది చూసింది.

"మా దేవుళ్ళు నీకు పనికిరాకుండా పోయారు. మా రొట్టె మాత్రం ఎందుకు పనికొస్తుంది?" అంది వదిన, అందరూ వినేలాగే. "లేచి వెళ్ళు తల్లీ. నువ్వుంటే శుభం జరగదు."

అన్న తలెత్తలేదు. అపామా లేచి వచ్చేసింది. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు, వాళ్ళూ పిలవలేదు.

ఇక మిగిలింది యూదుల వీధిలో నూనె వర్తకుడు హిల్కీయా ఇల్లు. నమ్మినవాళ్ళంతా ఆదివారం సాయంత్రం ఆ ఇంటి కింది గదిలో చేరేవారు. యూదులూ, అపామాలాంటి అన్యజనులూ, సున్నతి ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. అది ఎంత వింతో ఆ రోజుల్లో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. అపామా వెళ్ళిన మొదటిరోజు గుమ్మంలోనే నిలబడిపోయింది. బల్ల చివర కూర్చున్న ఒక ముసలావిడ పక్కకు జరిగింది.

"అక్కడే నిలబడ్డావేం పిల్లా? ఇటు రా. ఇక్కడ చోటుంది."

నిజానికి చోటు లేదు. ముసలావిడ జరిగాక కూడా అపామా సగమే కూర్చోగలిగింది. ఆవిడ పేరు షెలోమీతు. మగ్గం పనివాడి భార్య, భర్త పోయి చాలా ఏళ్ళైంది. కొడుకులిద్దరూ అదే వీధిలో ఉంటారు గాని ఈ కూటానికి రారు. తల్లి వెళ్తుంటే ఊరుకునేవారు, అంతే. ఆ సాయంత్రం అపామా వదిన మాటలన్నీ ఆవిడకు చెప్పి ఏడ్చింది. ఆవిడ వింటూ అపామా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

అపామాది పిట్టలు పట్టే పని. మొగుడి దగ్గర నేర్చుకుంది. ఒలీవలు పండే కాలానికి కొండ మీదికి బూడిదరంగు పిట్టలు గుంపులుగా దిగుతాయి, చలి పోగానే వెళ్ళిపోతాయి. గుర్రపు వెంట్రుకలతో ఉచ్చులు పేని, సాయంత్రం పొదల్లో పళ్ళ పక్కన కట్టి, పొద్దున్నే వెళ్ళి విప్పుకొస్తుంది. బజారులో ఆమె పిట్టలకు మంచి పేరు. ఒంటి మీద గాటు ఉండదు, నెత్తురు బొట్టు బయటికి పోదు, అందుకే మాంసం మెత్తగా ఉంటుందని వంటవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. కూటానికి ఉత్త చేతులతో వెళ్ళడం ఇష్టంలేక రెండో వారమే ఒక గిన్నెడు పిట్టకూర వండి తీసుకెళ్ళింది. మొదటి ముక్క షెలోమీతుకే పెట్టింది.

ఆవిడ చేత్తో బుగ్గ పట్టుకుంది. "నా పళ్ళు మంచివి కావమ్మా. ఎముకలు నమల్లేను."

అపామా దాన్ని మనసులో పెట్టుకుంది. మరుసటి వారం ఇంకాసేపు ఉడికించింది. ఆ పై వారం ఎముకలు ఏరేసింది. తర్వాత కొత్తిమీర, తేనె వేసి రోట్లో నూరి, రొట్టె మీద పూసుకునేంత మెత్తగా చేసింది. చంటిపిల్లకు కూడా ఎవరూ అంత ఓపిగ్గా వండి ఉండరు. షెలోమీతు ఒళ్ళో చేతి గుడ్డ పరుచుకుని దాన్ని రొట్టెలో పెట్టుకునేది, "ఇంత కష్టం ఎందుకే" అనేది, కాసేపటికి చెయ్యి ఖాళీ అయ్యేది. మిగతా యూదులు పప్పు, ఒలీవలు తిని లేచేవారు. పిట్టలు చిన్నవి కదా, తమకోసం వదిలేస్తున్నారని అపామా అనుకునేది. గిన్నె ఖాళీ చేసేది కుండలు చేసే థియోనూ, అతనిలాంటివాళ్ళూ. మూడు చలికాలాలు అలాగే గడిచాయి.

నాలుగో చలికాలం మొదట్లో యూదయ నుంచి కొందరు వచ్చారు. వాళ్ళూ నమ్మినవాళ్ళే. కాని సున్నతి లేనివాళ్ళతో కలిసి తినడం చూసి వాళ్ళ ముఖాలు మాడిపోయాయి. ధర్మశాస్త్రం పాటించకుండా రక్షణ లేదన్నారు. వాదన పెరిగింది. తేల్చుకు రమ్మని ఇక్కడినుంచి కొందరిని యెరూషలేములో నమ్మినవాళ్ళ పెద్దల దగ్గరికి పంపారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా గొడవ ఎందుకని హిల్కీయా ఇంట్లో యూదులంతా మేడ మీద తినడం మొదలుపెట్టారు. మిగిలినవాళ్ళు కింద.

షెలోమీతు కూడా మేడ మీదికే వెళ్ళింది. మొదటి ఆదివారం అపామా ముందునుంచే మెట్లెక్కింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో బట్ట ఎత్తిపట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కింద బల్ల దగ్గర మగాళ్ళ దిగులు మగాళ్ళది. థియోనుకు సున్నతి కత్తి తప్ప వేరే మాట లేదు.

"యాభై ఏళ్ళొచ్చాయి నాకు. ఇప్పుడు కోయించుకుంటే మళ్ళీ చక్రం ముందు ఎప్పటికి కూర్చుంటానో" అనేవాడు.

"మీకు కత్తైనా ఉంది అన్నా" అంది అపామా ఒకసారి. "కోయించుకుంటే మేడెక్కనిస్తారు. నాకు ఏం కోస్తారు చెప్పు?"

అందరూ నవ్వారు. అపామా కూడా నవ్వింది, కాని అడిగింది నిజంగానే అడిగింది. ఆ చలికాలమంతా ఆమె చెవులు పైకప్పు మీదే ఉండేవి. బల్ల జరిపిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు. ఆ దగ్గు షెలోమీతుదే అనుకునేది. పక్కన చోటు ఖాళీగా ఉండేది. ఇప్పుడు హాయిగా కూర్చోవచ్చు, అయినా అపామా ఆ సగం చోటులోనే కూర్చునేది.

మెత్తగా నూరే అలవాటు మాత్రం పోలేదు. ఇవాళైనా దిగి వస్తుందేమోనని ప్రతి వారం షెలోమీతు కోసం చిన్న గిన్నెలో వేరుగా పెట్టి తెచ్చేది. ఆ గిన్నె అలాగే వెనక్కి పట్టుకెళ్ళేది. అలా వెళ్తున్న ఒక సాయంత్రం, యూదుల వీధి మలుపులో నాలుగైదు పిల్లులు పరుగున వచ్చి ఆమె కాళ్ళకు చుట్టుకున్నాయి. చెవి చిరిగిన పసుపు పిల్లి ఒకటి ఏకంగా బట్ట మీదికి కాళ్ళు పెట్టి గిన్నె వైపు మోర చాపింది.

"నేను మీకెలా తెలుసే?" అంది అపామా. ఆమె ఉండే వీధిలోనూ పిల్లులున్నాయి, వాటికీ ముక్కులున్నాయి, అవేవీ ఇలా వెంటపడవు. గిన్నె కింద పెట్టి పక్కనే రాతిమీద కూర్చుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అక్కడ కూర్చోవడం అలవాటైంది. నిజం చెప్పాలంటే ఆ చలికాలం షెలోమీతు కోసం నూరిన కూర ఆమె ఎదురుగా ఇష్టంగా తిన్నది ఆ పిల్లులే.

చలి తగ్గుతున్న రోజుల్లో యెరూషలేము పెద్దల దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఆదివారం మేడ మీదివాళ్ళు కూడా దిగి వచ్చారు, గదిలో ఊపిరాడలేదు. షెలోమీతు మెట్ల దగ్గరే నిలబడింది. ఉత్తరం తెచ్చినవాళ్ళలో ఒకడు చదివాడు. అన్యజనుల్లోంచి వచ్చినవాళ్ళ మీద ధర్మశాస్త్రం బరువు మోపడం లేదు. సున్నతి అక్కరలేదు. థియోను రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు, పక్కవాడు అతని వీపు తట్టి "ఇంక చక్రం ముందు నిశ్చింతగా కూర్చో" అన్నాడు. నవ్వులు సద్దుమణిగాక చదివేవాడు మిగతాది చదివాడు. ఒకే బల్ల దగ్గర తినాలంటే నాలుగే నాలుగు సంగతులు వదిలిపెట్టాలి. విగ్రహాల ముందు పెట్టింది. జారత్వం. నెత్తురు. గొంతు బిగిసి చచ్చినది.

నాలుగేనా, ఇంతేనా అని అందరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అపామా సంతోషంగా పిట్టకూర మీద మూత తీసింది. థియోను రొట్టె ముంచబోయి ఆగాడు.

"చెల్లీ" అన్నాడు మెల్లిగా. "నీ పిట్టలు ఎలా చస్తాయి?"

"ఉచ్చులో పడి."

"ఉచ్చు బిగిసేది మెడకేనా?"

"కాళ్ళకి వేస్తే ఎగిరిపోవూ?" అంది అపామా. అన్నాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

తన చేతులతో ఆమె ఏ పిట్ట గొంతూ పిసకలేదు. ఆ పని ఉచ్చు చేసేది, ఆమె ఇంట్లో నిద్రపోతున్నప్పుడు. అందుకే ఆ మాట తనకు తగులుతుందని తట్టలేదు. హిల్కీయా గిన్నెను రెండు వేళ్ళతో ఆమె వైపు జరిపాడు. "పరవాలేదమ్మా. తెలియక చేసింది ఎవరు తప్పు పడతారు?" అన్నాడు. ఆయన మంచివాడే. కాని ఆయన గొంతులో ఆశ్చర్యం లేదు. నెత్తురు పోకుండా చచ్చినదాన్ని యూదులు ముట్టరు. ఆయనకు మొదటినుంచీ తెలుసు, మేడ మీదివాళ్ళందరికీ తెలుసు.

అపామా షెలోమీతు వైపు చూసింది. ఆవిడ తల వంచుకుని తన చేతి గుడ్డను మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది. ఆ గుడ్డ చూడగానే అపామాకు పిల్లులు గుర్తొచ్చాయి. తన కూర రుచి వాటికి ఈ చలికాలంలో తెలిసింది కాదు. మూడేళ్ళుగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆమె షెలోమీతు గుమ్మం ముందు నిలబడింది. ఆవిడ ఉన్ని వడుకుతోంది.

"అక్కా, నోరు తెరువు."

"ఏంటే పొద్దున్నే?"

"తెరిచి చూపించు."

షెలోమీతు చేతిలో కదురు పక్కన పెట్టి నోరు తెరిచింది. వెనక ఒకటి లేదు. మిగతావన్నీ పచ్చగా, గట్టిగా, వరసగా ఉన్నాయి.

"ఈ పళ్ళతో రాళ్ళు కొరకొచ్చు" అంది అపామా. "నేను చేతులు పడిపోయేలా నూరాను. గుడ్డలో పెట్టేదానివా?"

"ఊఁ."

"పిల్లులకి వేసేదానివా?"

"పారేయడానికి మనసొప్పలేదు. అంత బాగా చేసి తెచ్చేదానివి."

"ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"ఏమని చెప్పను?" అంది షెలోమీతు. "నీ చేతి కూర నాకు పనికిరాదని చెప్పనా? అంతకు ముందు వారమే కదే, మీ వదిన మాటలు చెప్పుకుని నా భుజం తడిపేశావు. నేనూ అదే మాట అంటే నువ్వు మళ్ళీ వచ్చేదానివా?"

అపామా ఇంకో మాట అడిగింది. "మరి మేడ మీదికి ఎందుకు పోయావు?"

షెలోమీతు వీధి అవతలి ఇంటివైపు చూసింది. అది పెద్దకొడుకు ఇల్లు. "నేను చస్తే మోసేది వాళ్ళే. కింద మీతో కలిసి తినడం చాలించకపోతే గుమ్మం ఎక్కొద్దన్నారు. భయమేసింది. అంతే, ఇంకేం లేదు."

"నన్ను మోయడానికి ఆ మాత్రం మనుషులు కూడా లేరు" అంది అపామా. "నువ్వున్నావనుకున్నాను."

వెనక్కి తిరిగి వచ్చేసింది. ఆ వారం ఆమె పొయ్యి వెలిగించలేదు. ఎండు రొట్టె నీళ్ళలో ముంచుకుని తింది. ఆదివారం ఇంక వెళ్ళకూడదనుకుంది, వెళ్ళకపోతే ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియలేదు. మూడేళ్ళు ఆవిడ పక్కన కూర్చుని, కలిసి తింటున్నానని మురిసిపోయింది. తిన్నది తనొక్కతే. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా చేతిలో రొట్టె పక్కన పెట్టేసేది. ఇంకోవైపు ఇంకో సంగతి కూడా ఉంది. వదిన నిజమే మాట్లాడింది, మాట్లాడి బయటికి పంపింది. షెలోమీతు అబద్ధమాడింది, ఆడి చోటిచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని అపామా ఐదు రోజులు కూర్చుంది.

ఆరో రోజు, ఆదివారం తెల్లవారుతుండగా ఉచ్చులు తీసుకుని కొండెక్కింది. పిట్టలు అప్పటికే పలచబడ్డాయి. మొన్నటిదాకా మోగిపోయిన పొదల్లో ఒకటీ అరా మాత్రం అరుస్తున్నాయి. ఈసారి ఆమె ఉచ్చులు కట్టి ఇంటికి రాలేదు. ఒకే పొదలో రెండు కట్టి, నాలుగు అడుగుల దూరంలో బోర్లా పడుకుని కాపు కాసింది. ఇన్నేళ్ళ పనిలో పిట్ట ఉచ్చులో పడటం ఆమె ఎన్నడూ చూడలేదు, పడినవాటిని ఏరుకోవడమే తెలుసు. మొదటిది పడింది. ఆమె లేచి పరిగెత్తేలోపే మెడ వాలిపోయింది. దాన్ని విప్పి పక్కన పెట్టి, మళ్ళీ బోర్లా పడుకుంది. రెండోదీ అంతే. మధ్యాహ్నం దాటాక మూడోది తల దూర్చింది. అపామా ముళ్ళూ గిళ్ళూ చూడకుండా పొద మీద పడింది. రెండు వేళ్ళు వెంట్రుక కిందికి దూర్చి వదులు చేసింది. పిట్ట బతికే ఉంది. దాని గుండె ఆమె గుప్పిట్లో కొట్టుకుంటోంది.

ఉల్లిపాయలు తరిగే కత్తి తెచ్చుకుంది. దాంతోనే గొంతు కోసింది. నెత్తురంతా నేల మీదికి పోయేదాకా పట్టుకుని, తర్వాత దానిమీద మట్టి కప్పింది. షెలోమీతు ఇంటి ముందు ఒకసారి కోడిని కోసినప్పుడు అలా కప్పడం చూసింది. ఎందుకు కప్పుతారో ఎవరినీ అడగలేదు. ఇప్పుడు కప్పుతుంటే అడగక్కర్లేదనిపించింది.

నూరే తీరిక లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే కాల్చి గిన్నెలో పెట్టుకుని వెళ్ళింది. ఉత్తరం వచ్చాక అందరూ కలిసి చేసే మొదటి భోజనం అది. బల్ల సగం ఖాళీగా ఉంది. హిల్కీయా వాళ్ళ అన్నగారి ఇంటివాళ్ళు రాలేదు, ఇంకొన్ని ఇళ్ళవాళ్ళు వేరేచోట కూడుకుంటున్నారట. ఉత్తరం తలుపు తీసింది గాని, లోపలున్నవాళ్ళు కొందరు అదే తలుపులోంచి బయటికి వెళ్ళిపోయారు. ఈ సంగతి తర్వాత ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. అపామా తన సగం చోటులో కూర్చుంది. ప్రార్థన అయింది, రొట్టె విరిచారు. పక్కన ఎవరూ లేరు.

అప్పుడు వీధిలో ఒక మగ గొంతు వినిపించింది. "అమ్మా, ఆ గడప దాటితే ఇంక మా ఇంటికి రాకు." షెలోమీతు లోపలికొచ్చింది. గోడ పట్టుకుని బల్ల చివరిదాకా నడిచి, అపామా పక్కన కూర్చుంది. అపామా గిన్నె ఆవిడ ముందుకు జరిపింది.

షెలోమీతు పిట్టను చూసింది. మూడేళ్ళలో ఒక్కసారీ అడగని మాట అడిగింది.

"ఎలా చచ్చింది?"

"కత్తితో. నెత్తురు పోయేదాకా పట్టుకున్నాను. మట్టి కప్పాను."

షెలోమీతు ఆమె చేతులు తిప్పి చూసింది. మోచేతులదాకా ముళ్ళు గీసుకుపోయి ఉన్నాయి. పిట్టను రెండుగా విరిచి, ఒక సగం అపామా ముందు పెట్టి, రెండో సగం నోట్లో పెట్టుకుంది. ఎముక పటుక్కున విరిగిన చప్పుడు అపామాకు వినిపించింది. ఆవిడ నమిలింది. ఎముకతో సహా నమిలింది.

"గట్టిగా ఉందే" అంది.

"నెత్తురు పోతే ఉండదూ మరి?"

"ఉప్పు కూడా తక్కువైంది."

"తిను అక్కా" అంది అపామా. అని తన సగం అందుకుంది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా తింది. మూడేళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. కలిసి తిన్నది అదే మొదలు. గట్టి మాంసం, ఉప్పులేని మాంసం, ఇద్దరూ ఎముకలు కూడా మిగల్చలేదు.

బయటికొచ్చాక షెలోమీతు తన ఇంటివైపు, అపామా ఊరి అవతలివైపు వెళ్ళారు. పెద్దకొడుకు ఇంటి తలుపు మూసి ఉంది. వీధి మలుపులో చెవి చిరిగిన పిల్లి పరుగున వచ్చి కాళ్ళకు చుట్టుకుంది, వెనకే మిగతావి. అపామా వంగి ఖాళీ గిన్నె వాటి ముందు పెట్టి చూపించింది.

"ఇవాళ మీకేం మిగల్లేదమ్మా" అంది.